మానని పుండునకు దోషి ఎవరు?

యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిములు పుండ్లలో ప్రబలుచున్నవన్న మాట రాగానే, మన విద్యావంతులలో పెక్కుమంది ఆ పాపమును పల్లెటూరి రోగి నెత్తిన మోపి చేతులు దులుపుకొనుచున్నారు. ఆర్.ఎం.పీ. ఇచ్చిన గోలీలు రెండు పూటలు మింగి, నొప్పి తగ్గగానే మానివేయు అజ్ఞానియే ఈ విపత్తునకు మూలమని వారి సిద్ధాంతము. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసమున, చాలీచాలని మోతాదు క్రిములను మందునకు అలవాటు చేయునని హెచ్చరించియుండుటచే దీనికొక ప్రామాణ్యము కూడ సిద్ధించినది. ఇది అర్ధసత్యమనియు, అందువలననే మిక్కిలి హానికరమనియు నా నిశ్చితాభిప్రాయము.

ఆ అజ్ఞాని ఎవరో ముందు చూతము. ఆదిలాబాదు నల్లరేగడిలో తెగిన పత్తికట్టె మొన అరికాలిలో దిగగా, పసుపద్ది మరునాడే మరల కూలికి పోయిన స్త్రీ. షుగరు వ్యాధిచే పాదము మొద్దుబారి, చెప్పు కరచిన సంగతి చీము పట్టువరకు ఎరుగని సిరిసిల్ల మగ్గపు కార్మికుడు. గోదావరిఖని, బెల్లంపల్లి గనులలో బొగ్గుపెళ్ల తగిలి పిక్క చీలినవాడు. వీరిలో ఒకరు ఐదు దినముల మందునకు బదులు రెండు దినములదే కొన్నచో, చేతిలోని పైకము అంతకే సరిపోయినదని గ్రహించుటకు పాండిత్యమక్కరలేదు.

చరిత్రయైనను ఆ సిద్ధాంతమునకు పూర్తిగా సాక్ష్యమీయదు. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అను వైద్యురాలు పరీక్షించిన స్టాఫిలోకాకస్ క్రిములలో, పెన్సిలిన్‌కు లొంగనివి 1946లో నూటికి 14గా ఉండి, 1948 నాటికి 59కి పెరిగినవి. అచట దుకాణములో గోలీలు కొని సగము మింగిన పల్లీయుడు లేడు. మందు వైద్యుల ఆజ్ఞ మీద, ఆసుపత్రి సిబ్బంది చేతుల మీదుగానే పడినది. మొండి క్రిమి ఒక రోగినుండి మరియొక రోగికి ప్రాకుటను ఆమె ముఖ్యకారణముగా ఎత్తిచూపెను. ఆ ప్రాకుట ఎట్టిదో, రద్దీగల సర్జికల్ వార్డులో ఉదయము కట్లు మార్చువేళ నిలిచి చూచినవారికి విశదమగును: ఒకే ట్రాలీ, ఒకే కత్తెర, ఒకే స్పిరిట్ గిన్నె మంచమునుండి మంచమునకు సాగుచుండగా, చీముతో తడిసిన గాజుగుడ్డను విప్పిన చేతి తొడుగే పక్కమంచమువాని కట్టును కూడ విప్పును. నేలపై సైతము రోగులు పడియున్న వార్డులో ఒంటరిగా పనిచేయు నర్సును దీనికై నిందించుట మరియొక అన్యాయము.

ఇక కోర్సు పూర్తి చేయవలెనన్న సూత్రమునే 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ప్రశ్నించిరి. క్షయవంటి వ్యాధులను మినహాయించినచో, అక్కరకు మించి మందు వాడిన కొలది, పుండుతో సంబంధము లేక ప్రేగులలోను చర్మముపైనను నివసించు క్రిములు సైతము మొండిదేరునని వారి వాదము. రోగి తనంత తాను మందు మానవచ్చునని దీని భావము కాదు. ఎన్ని దినములో తూచి నిర్ణయించు భారము వైద్యునిదే.

అన్నిటికంటె ఘోరమైనది పటాన్‌చెరు వృత్తాంతము. అచటి ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి; చికిత్సవేళ మనుష్యుని రక్తములో చేరు మోతాదు కంటె అది అధికము. ఆనాడు ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోవుచుండెను. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఆ గోదావరియే పైన చెప్పిన శ్రామికుల పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలకు ఎల్లగా నుండెను. అంత దూరమునకు ఎంత మందు చేరెనన్నది నా వాదము కాదు. వాగంతయు మందుగా మారిన చోట క్రిములకు మొండితనము నేర్పినది ఏ కూలివాడని అడుగుచున్నాను. ఇట్టి మురుగులో యాంటీబయాటిక్ అవశేషములకు 2020 ముసాయిదాలో కేంద్రప్రభుత్వము పెట్టిన హద్దులు 2021 తుది ప్రకటనలో మాయమైనవి. అవి చట్టమునకెక్కవలెను.

దవాఖానలో జరుగవలసినదియు కలదు. తొలి సూదికి ముందే చీమును తీసి కల్చర్ పరీక్షకు పంపినచో, ఏ క్రిమియో, ఏ మందునకు లొంగునో సాధారణముగా రెండు మూడు దినములలో తేలును. ఈలోపల పుండును కడిగి, చచ్చిన కండను తొలగించి, చీమునకు దారిచేయుట శస్త్రవైద్యుని విధి. కాని ఉట్నూరు గోండు రైతు కూలి పోగొట్టుకొని ఆ దినములు పట్టణములో ఎట్లుండును? పరీక్ష ఉట్నూరులోనే జరుగవలెను. ఫలితము అతని ఊరి ఆశా కార్యకర్త ఫోనునకు చేరవలెను. తేలిన మందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఉచితముగా అతని చేతికందవలెను.