మెట్ట కూలీకి పనిరోజులెన్ని?

ఏటా 15 శాతం అభివృద్ధి, 2047 నాటికి 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ - 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసిన స్వర్ణాంధ్ర పత్రం లక్ష్యాలివి. బాగానే వుంది. మరి జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పత్తి తీసే, మిరపకాయ కోసే కూలీకి ఏడాదికి ఎన్ని పనిరోజులు? ఆ లెక్క కూడా చూద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 జనాభా లెక్కల ప్రకారం పనిచేసే ప్రతి వందమందిలో 22 మందికి పైగా సాగుదారులు, దాదాపు 40 మంది వ్యవసాయ కూలీలు. 2011 నాటికి సాగుదారులు 16 మందికి తగ్గారు, కూలీలు 43కి పెరిగారు. 2021లో జరగవలసిన లెక్క జరగనేలేదు. సేద్యం వదిలిన వాళ్లందరినీ ఫ్యాక్టరీలు పిలిచి పని ఇవ్వలేదని ఈ అంకెలే చెబుతున్నాయి. మన దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, జాతీయ రహదారి వుంది. అయినా వూళ్లకు ఆధారం పత్తీ, మిరపే. సాగర్ ఎడమ కాలువ చివరి భూములాయె, నీళ్లు వచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు ఒక తీరు.

2025లో మిర్చి ధర కూలిపోయింది. మార్కెట్ జోక్యం పేరుతో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అదే ఏడు ఆగస్టులో విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, డిసెంబరు దాకా అట్లాగే వుంచింది. కౌలురైతుకు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని ఒప్పుకోవాలి. కార్డు లేనివాడు వడ్డీకి అప్పు తెస్తాడు. ధర పడితే అతని చేతికి అందేది ఒక్కటే, కూలి తగ్గించడం.

2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వంద రోజులు 125 అయ్యాయన్నారు. కానీ ఇదివరకు కూలి డబ్బంతా కేంద్రమే భరించేది. కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం మన రాష్ట్రం పెట్టుకోవాలి. పైగా సాగు పనుల కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపవచ్చు. కూలీ నోరు తెరిచి రేటు అడగగలిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడే రెండో పని మూసేస్తే ఇచ్చింది పుచ్చుకోవలసిందే గదా!

ఇది కూలీకీ కౌలురైతుకీ తగవు కాదు. గిట్టుబాటు ధర లేనిదే కూలి పెరగదు. కూలి కోసినంత మాత్రాన రైతు గట్టెక్కడు. ఇద్దరూ కలిసి ధరనూ, పనినీ అడగాలి. ప్రతి వూళ్లో ఎవరికి ఎన్ని రోజులు పని దొరికిందో, ఎంత కూలి ముట్టిందో మనమే రాసి గ్రామసభలో పెడదాం. అభివృద్ధి ఎంతో అప్పుడు తేలుతుంది.