పూడ్చిన కమానులు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే ఊరు ఇప్పుడు లేదు. దాని సెయింట్ మార్టిన్ చర్చి మాత్రం పైకప్పు లేకుండా నిలిచి ఉంది. 1349 నాటి ప్లేగు ఊరిని తుడిచిపెట్టిందనే మాట వినడానికి బాగుంటుంది గానీ, 1950 నుంచి నలభై ఏళ్లు సాగిన తవ్వకాలు దాన్ని బలపరచవు. చిన్న చెక్క కట్టడంగా మొదలై రాతి చర్చిగా మారిన దీనికి 12, 13 శతాబ్దాల్లో పక్క నడవలు చేరాయి. ప్లేగు పోయిన చాలాకాలానికి వాటిని పడగొట్టి, కమానులను రాళ్లతో పూడ్చి, ఆ పూడికలోనే కిటికీలు పెట్టారు. అంటే చర్చిని చిన్నది చేసుకుని వాడుకునేవాళ్లు అప్పటికీ మిగిలే ఉన్నారు.

గోడలు చెప్పేది దొరల దర్పాన్నే గానీ జనాభాను కాదని ఎవరైనా అనవచ్చు. నడవ కట్టించడానికి దొర డబ్బు చాలు, నిజమే. కట్టినదాన్ని కూల్చి కుదించడంలో దర్పమేముంది? చివరికి 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం భూస్వామి మిగిలిన కుటుంబాలను వెళ్లగొట్టాడు. అయినా పారిష్ అంటే, ఒక చర్చి పరిధి అంటే, ఒక్క ఊరే కాదు. పొరుగున ఉన్న థిక్సెన్‌డేల్ వాళ్లు, తమకంటూ చర్చి 1870లో వచ్చేదాకా, ఇక్కడికే నడిచి వచ్చేవారు.