చిరునామా మారిందా?

మొన్న మన ఉగాది వేడుకలో పచ్చడి పంచుతుంటే ఓ చెల్లెలు నన్ను పక్కకు పిలిచింది. “అక్కా, విశాఖలో మా ఆయనకు విడాకులు ఇచ్చేశారట. నాకు ఒక్క కాగితమూ రాలేదు. పాప సంగతేమిటి?” అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒకప్పుడు నేనూ విశాఖలో వకీలునే. సమన్లు ఆమె పాత చిరునామాకు వెళ్లాయి, ఆమేమో యాంగోన్‌లో ఉంది. రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు.

అంతటితో అయిపోలేదన్నాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద, సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపిస్తే డిక్రీ రద్దుచేసి కేసు మళ్లీ వింటారు. గడువు 30 రోజులు. సమన్లు అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. వాయిదా తేదీ తెలిసీ ఊరుకున్నవారికి మాత్రం, సమన్లు అందించడంలో ఏదో చిన్న లోపం జరిగిందంటే కుదరదు.

విదేశీ కోర్టు డిక్రీ అయితే దారి వేరు. తిరుపతిలో 1975లో పెళ్లయిన మన తెలుగు జంటలో, భర్త 1980లో అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నారు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది.

చెల్లెలికి అప్పటికి ఇంకా 11 రోజులే మిగిలాయి. గడువులోపే అర్జీ వేసింది. విచారణ కోసం ఎదురుచూస్తోంది.

పిల్లలూ, ఇల్లు మారినప్పుడు కొత్త చిరునామా ఊరికి తెలియజేయమని అమ్మానాన్నలకు గుర్తుచేయండి. వచ్చే సంచికలో కలుద్దాం.