చెరిపివేసిన తేదీలు

కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నపట్టణపు రిచీ వీధిలోనో ఒక ట్రాన్సిస్టరును బేరమాడబోయినవానిని దుకాణదారుడు తరచుగా మొదట నడుగునది "ఒరిజినల్ కావాలా, డూప్లికేట్ కావాలా?" అని. లోకులు ఈ ప్రశ్నను నిందింతురు గాని, నా దృష్టిలో ఇందొక విధమైన నిజాయితీ కలదు. నకిలీని నకిలీయని చెప్పి, నకిలీ ధరకే అమ్మువానివలన కొనువాడు మోసపోవుట లేదు. తన చిహ్నము దొంగిలింపబడిన కంపెనీకి వానిపై వ్యాజ్య ముండవచ్చును, అది వేరు సంగతి. మనము శంకింపవలసినవాడు ఆ ప్రశ్న నడుగనివాడు: ఊరు పేరు తెలియని అంతర్జాలపు అంగడిలో కూర్చుండి, కంపెనీ ప్రకటించిన ధరలో మూడవవంతునకే 'అసలు సరుకు' పంపెదనని పలుకువాడు.

నకిలీ చిప్పు అనగానే చీకటిగదిలో దొంగచాటుగా తయారైన వస్తువు మన మనస్సునకు తోచును. అట్టివియు లేకపోలేదు, కాని మిక్కిలి ప్రమాదకరమైనవి పలుమారు అసలు కర్మాగారమున, అసలు కంపెనీవారి చేతులలోనే పుట్టినవి. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున గుయీయు అను పట్టణము చాలకాలము ప్రపంచపు కంప్యూటరు చెత్తకు కూడలిగా నుండెను. సర్క్యూటు బోర్డులను నిప్పుల సెగపై కాచి, టంకము కరగగానే చిప్పులను రాల్చి, కడిగి, ఎండబెట్టి, ఆకారమునుబట్టి ఏరి, పైముద్రను గీకి, గీట్లు కనబడకుండ నల్లని పూత పూసి, దానిపై క్రొత్తపేరును క్రొత్తతేదీని అచ్చొత్తి దేశదేశములకు పంపుచుండిన ఈ వృత్తాంతము 2011 నవంబరులో అమెరికా సెనేటు సాయుధ దళముల సంఘము జరిపిన విచారణలో వెల్లడియయ్యెను. 2009, 2010 సంవత్సరములలోనే ఆ దేశపు రక్షణ సరఫరాలయందు అనుమానాస్పద భాగములు చేరిన ఉదంతములు సుమారు 1,800 అనియు, ఆ భాగముల సంఖ్య 10 లక్షలకు మించుననియు 2012 మే నెల నివేదికలో సంఘమువారు తేల్చిరి. సైనిక విమానములలోనికే చొరబడిన సరుకు మన రిపేరు దుకాణముల గడప దాటదని నమ్ముట యెట్లు?

పట్టుకొను ఉపాయములు లేకపోలేదు. చిప్పుపై తరచుగా నాలుగంకెల తేదీ యుండును. మొదటి రెండంకెలు సంవత్సరమును, తక్కిన రెండు వారమును తెలుపును. 1832 అనగా 2018లో 32వ వారము. ఏడాదిలో లేని వారము ముద్రింపబడియున్నను, తయారీ నిలిచిపోయిన తరువాతి సంవత్సరము కనబడినను, ఆ సరుకును వెనుకకు పంపుటయే మేలు. దూదిని అసిటోనులో తడిపి రుద్దినచో నాసిరకపు నల్లపూత దూదికంటుకొని వచ్చును. మొదటి కాలును గుర్తించుటకై అచ్చులోనే ఏర్పరచిన చిన్నగుంట అసలు చిప్పునందు నున్నగా, సమమైన లోతుతో నుండును. గీకినదానియందు అది లోతు తగ్గి, పూతతో సగము పూడియుండును. ఆంప్లిఫయర్లలో తరతరములుగా వాడబడుచున్న 2ఎన్3055 ట్రాన్సిస్టరు 15 ఆంపియర్లను, 115 వాట్లను ఓర్వవలసినది. అనుమానము కలిగినపుడు ఒకదానిని బలియిచ్చి, దాని లోహపు టోపీని కోసి చూచినచో, నకిలీదానిలోపల ఏ చిన్న ట్రాన్సిస్టరుకో తగిన నలుసంత సిలికాను ముక్క కనబడును. వోల్టేజిని తగ్గించు ఎల్ఎం2596 చిప్పు సెకనుకు లక్షాయేబదివేల మార్లు స్విచ్చు కావలెనని దాని పత్రము చెప్పుచుండ, చౌకబోర్డులపై అదే పేరుతో నున్నవి 50 వేల ప్రాంతముననే కొట్టుకొనుట ఆసిలోస్కోపుపై పలువురు చూచియే యున్నారు. ఇక 18650 లిథియం బ్యాటరీ సెల్లుపై 9,900 ఎంఏహెచ్ అని వ్రాసినవాని ధైర్యమును మెచ్చుకొనవలసినదే. పేరున్న కంపెనీలు ఆ పరిమాణములో 3,500 ప్రాంతమునకు చేరుటకే చాల శ్రమపడినవి.

అయినను ఈ పరీక్షలు పట్టునది తెలివితక్కువ దొంగనే. 0 నుండి 70 డిగ్రీల వరకు మాత్రమే పనిచేయుటకు తయారైన చిప్పుపై, మైనస్ 55 నుండి 125 వరకు పనిచేయు సైనికశ్రేణి ముద్రను లేజరుతో చక్కగా చెక్కినచో, బల్లమీద మల్టీమీటరు దానిని దోషిగా నిరూపింపలేదు. అది మన గదిలో నిక్షేపముగా పనిచేయును. మేనెల మధ్యాహ్నము రేకుల షెడ్డులో, పూర్తి లోడుమీద, దాని నిజరూపము బయటపడును. కావున కంటిని ఎంత పదును పెట్టుకొన్నను, ఆ భాగము ఎవరెవరి చేతులు మారి వచ్చినదో తెలియనినాడు ఫలము స్వల్పము. 2014లో ఎఫ్‌టీడీఐ కంపెనీ తన యూఎస్‌బీ చిప్పుల నకిలీలను మూగబోవజేయు డ్రైవరును విడుదల చేసినపుడు దెబ్బ తగిలినది నకిలీదారునకు గాదు, తన పరికరములో నేమున్నదో యెరుగని గృహస్థునకు. ఆగ్రహము రేగగా దానిని ఉపసంహరించుకొనిరి. కంపెనీ కోపము న్యాయమే గాని, శిక్ష తప్పుతలపై పడినది.

మన దేశమున ఛార్జర్లు, పవర్‌బ్యాంకులు, సెల్లులు మున్నగువానికి ప్రభుత్వపు ఉత్తరువు క్రింద భారత ప్రమాణముల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ సంఖ్య సరియైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనను చూచుకొనవచ్చును. విడి చిప్పునకు, ట్రాన్సిస్టరునకు ఆ రక్షణ లేదు. ఇట్టి స్థితిలో మన పాలిటెక్నికులును, ఇంజనీరింగు కళాశాలలును ప్రయోగశాలల సరుకును మూడు కొటేషన్లు తెప్పించి, అన్నింటికన్న తక్కువ పలికినవానికి కట్టబెట్టుట నకిలీదారునకు ఎదురేగి స్వాగత మిచ్చుటయే. అట్టి కళాశాలలో సగము భారమునకే ట్రాన్సిస్టరు కాలిపోయినపుడు, విద్యార్థి తన లెక్కయే తప్పినదని తలంచును. రికార్డులో దానికి తగినట్లు అంకెలను సవరించును. ఈ నష్టము ఏ ఆడిట్ నివేదికకును ఎక్కదు.

పాతసరుకు నమ్మువారిపై నాకు ద్వేషము లేదు. తయారీ ఆగిపోయిన చిప్పుకొరకు పాత టేప్‌రికార్డరువాడు వారి దగ్గరకు గాక మరెవరి దగ్గరకు పోగలడు? ముద్రను గీకక, బిల్లుమీద 'వాడినది' అని వ్రాసి యిచ్చినంతవరకు వారిది గౌరవప్రదమైన వృత్తి. కళాశాలలు మాత్రము తయారీదారుని నుండి గాని, అతని అధీకృత పంపిణీదారుని నుండి గాని కొనినట్లు బిల్లు నకలును కొటేషనుతోపాటే కోరవలెను. ధర పెరుగునని కొనుగోలు సంఘమువారు ఆక్షేపింతురు, పెరుగును. ఆ బిల్లు చూపలేని కొటేషనును, అది యెంత తక్కువదైనను, పోలికకే స్వీకరింపరాదని వారి నిబంధనలలో ఒక వాక్యమును చేర్చుటకు ప్రభుత్వపు ప్రత్యేక శాసన మేదియు అక్కరలేదు.