‘స్త్రీ’ శబ్దమున అక్షరము లెన్ని?

2024లో శ్రీ విజయపురముగా పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు నగరమందలి అబర్డీన్ బజారులో తెలుగు, తమిళము, వంగము, హిందీ మాటలాడువారు నిత్యము కలసికొనుచుందురు. 2011 జనగణన ననుసరించి అండమాను నికోబారు ద్వీపములందు తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. తెలుగు కొనుగోలుదారునకును తమిళ వర్తకునకును నడుమ బేరము సాధారణముగా హిందుస్తానీలో సాగును. మాట మారినను తూకము మారరాదు. బేరమునకు మూలనియమ మిదియే.

కంప్యూటర్లందును ఇట్టి వ్యవహారమే కలదు. పైథాన్ వంటి భాష మనుష్యుని ఆలోచనకు చేరువగా నుండును. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో రచింపబడిన లైబ్రరీలు, అనగా క్రియాసంపుటములు, యంత్రమునకు చేరువగా నుండి పనిని వేగముగా నెరవేర్చును. ఈ రెంటిని కలుపు నడిమి పొరను బైండింగ్ అందురు. 2006లో వెలువడిన పైథాన్ 2.5 నుండి సీటైప్స్ అను సంధాన సాధనము ఆ భాషతోడనే లభించుచున్నది. యూనికోడ్ పనులకై ఏర్పడిన ఐసీయూ లైబ్రరీని పైథాన్‌నకు పైఐసీయూ అనునది చేర్చుచున్నది.

ఇందు తెలుగు పండితున కేమి పని యని కొంద రనవచ్చును. ‘స్త్రీ’ శబ్దమును పరీక్షింపుడు. యూటీఎఫ్-8 బైట్లుగా దాని నందుకొన్న సీ భాష పొడవు 18 అనును. పైథాన్ 6 అనును. యూనికోడ్ 15.0 ఖండన నియమములు దానిని 3 భాగములు చేయును. 2023లో వచ్చిన 15.1 తెలుగు సంయుక్తాక్షరమును విడదీయరాదని విధించుటచే అది 1 యగును. నాలుగు సమాధానములును తమతమ కొలతలలో సత్యములే. కాని పొరను దాటి వచ్చునది అంకె మాత్రమే. కొలత వెనుకనే నిలిచిపోవును.

అంతమాత్రమున 15.1 ఛందస్సును నేర్చినదని భ్రమపడరాదు. ‘కవిన్’ అనుచోట అది పొల్లు నకారమును వేరుగా నెంచి 3 అనును. లాక్షణికుడు ‘విన్’ అనుదానిని ఒక గురువుగా గ్రహించి 2 అనును. ఈ నియమమును యంత్రజ్ఞుడు తనంత తాను ఊహింపజాలడు. దానిని తెలుగు శాఖలే వ్రాసి యీయవలెను.

కావున అక్షరగణనముపై ఆధారపడు ప్రతి పరిశోధన వ్యాసమును తన కొలత యేదియో, ఏ లైబ్రరీ యొక్క ఏ కూర్పు వాడబడినదో స్పష్టముగా తెలుపవలెను. అట్లు తెలుపనిచో ఏండ్ల తరబడి చేసిన గణవిభజన సైతము మరియొకరు సరిచూచుటకు వీలులేనిదై నిరర్థకము కాగలదు. బజారులో తూకపురాయిని చూచి సరకు కొనువాని జాగరూకత పండితునకును అవసరము.