గుడ్లగూబ చేసిన పాపమేమి?

నాటకంలో పగటిని చూపడం తేలిక. రాత్రిని చూపడమే కష్టం. రంగస్థలం మీద నీలి దీపం వెలిగించి సరిపెట్టుకుంటాం. సినిమావాళ్లు చంద్రుణ్ణి చూపిస్తారు. బొమ్మే లేని రేడియో నాటకానికి మాత్రం శబ్దమే దిక్కు. కీచురాళ్ల రొద, దూరంగా ఒక కుక్క మొరుగు, ఆపైన ఒక గుడ్లగూబ కూత - ఈ మూడూ చేరితే అర్ధరాత్రి అయిపోయినట్టే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మన తెలుగు సినిమాలు, సీరియళ్లు ఈ పక్షికి రాత్రి డ్యూటీతో పాటు చావు డ్యూటీ కూడా వేశాయి. శ్మశానమంటే గూబ, పాడుబడిన బంగళా అంటే గూబ, మంత్రగాడు ముగ్గేస్తే గూబ. అదే నాయికా నాయకులు వెన్నెల్లో పాడుకునే రాత్రి మాత్రం అది నోరెత్తకూడదు!

ఈ మధ్య మన హాస్టళ్లలో కొరియా సీరియళ్ల మోజు బాగా పెరిగింది. చూసేవాళ్లు ఈసారి కాస్త చెవి పెట్టి వినండి. పల్లెటూరి రాత్రో, పాతకాలపు ఇంటి ముంగిలో చూపినప్పుడు వెనక తరచుగా ఒక గూబ కూస్తుంటుంది. అక్కడ ఎవరూ చావరు. ఇద్దరు మాట్లాడుకుంటుంటారు, అంతే. వాళ్ల ‘సొజ్జొక్‌సే’ అనే చిన్న గూబ కూత కొరియా రైతు చెవికి ‘కుండ చిన్నది’ అన్నట్టు వినబడుతుందట. అంటే పంట విరగబండుతుంది, వండుకోవడానికి పెద్ద కుండ చూసుకో అని అర్థం! అత్త చిన్న కుండ ఇవ్వడంతో వండినా తనకు మిగలక, ఆకలితో చచ్చిపోయిన కోడలే ఆ పక్షి అయిందని ఇంకో కథ. దిగులు ఉంది గానీ, దయ్యం లేదు. ఆ జాతి గూబ మన దేశపు అడవుల్లోనూ ఉంది. పక్షి ఒకటే, చెవులే వేరు.

మరి మనకు ఈ భయం ఎక్కడిది? నాకు తోచింది చెప్తాను. కరెంటు లేని రోజుల్లో తెల్లవార్లూ దీపం వెలిగే ఇల్లు ఏది? జబ్బుమనిషి ఉన్న ఇల్లు. దీపానికి పురుగులు చేరతాయి. పురుగుల కోసం చింతచెట్టు తొర్రలోని పైడికంటి వస్తుంది, కూస్తుంది. తెల్లారి ఆ మనిషి పోతే నింద పిట్ట మీద పడుతుంది. వైద్యుడు లేని ఊరికి ఒక ముద్దాయి కావాలి గదా!

ఈ నింద వల్ల నష్టపోయేది పిట్ట ఒక్కటే అయితే నేనింత రాయను. మన కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడిలో జొన్న, శనగ, ఎర్రనేలల్లో వేరుశనగ. వాన ఎట్లాగూ మన చేతిలో లేదు. పండిన నాలుగు గింజల్లో ఎలుక తినేదెంత, పందికొక్కు కలుగులోకి ఈడ్చుకుపోయేదెంత అన్నది కళ్లం కాడ పడుకున్నోడికి తెలుసు. ఈ రెండింటినీ రాత్రిపూట వేటాడేది గూబే. మన భాషలో గూబ అంటే పక్షీ, చెవీ కూడా. ఎంత సరిపోయిందో చూడండి! తెల్లమొహం గూబ చెవి రంధ్రాలు రెండూ ఒక ఎత్తులో ఉండవు. అందుకే శబ్దం పక్కనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అన్నది దానికి ఖచ్చితంగా తెలుస్తుంది. చిమ్మచీకట్లో, చూపు పనికిరాని చోట, వినికిడితోనే అది ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1971లో ప్రచురించిన ప్రయోగాలు రుజువు చేశాయి.

అటువంటి జీతం లేని కావలివాణ్ణి మనం రాళ్లతో కొడతాం, తొర్ర ఉన్న చెట్టు నరుకుతాం. ఆ తర్వాత అంగడికి పోయి ఎలుకల మందు కొనుక్కొస్తాం. ఆ మందు తిన్న ఎలుకను తిని మిగిలిన గూబలూ చస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూబలను చంపడం, అమ్మడం నేరమంది. అయినా దేశంలోని 30 జాతుల్లో కనీసం 15 అక్రమ వ్యాపారంలో ఉన్నాయని ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో తేల్చింది. కొనేవాళ్లలో చేతబడికి, బలికి కొనేవాళ్లున్నారు.

‘సినిమా శబ్దానికి ఇంత రాద్ధాంతమా?’ అని మిత్రులు అడగవచ్చు. భయాన్ని సినిమా పుట్టించలేదు, నిజమే. అవ్వల కాలం నుంచీ ఉంది. కానీ అవ్వ ఒక ఇంటికే చెప్పింది. సినిమా రాష్ట్రమంతటికీ చెప్తోంది. గూబను ఎన్నడూ చూడని పట్నం పిల్లవాడు కూడా ఆ కూత వింటే దుప్పటి ముసుగేస్తున్నాడు.

రాత్రి శబ్దం విలువ కడప జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. తర్వాతి పరిశోధకులు దాని కూతనే టేపు మీద వినిపించి, బదులు వస్తుందేమోనని లంకమల పొదల్లో వెతికారు. కూత తెలిస్తేనే పక్షి ఉందో లేదో తెలిసేది.

కాబట్టి నా మనవి రెండు ముక్కలు. మన కళాశాల నాటక బృందం, కడప ఆకాశవాణి, హైదరాబాదు సీరియల్ దర్శకులు - ఎవరైనా సరే - గూబ కూతను ఒక్కసారి మంచి రాత్రికి వాడి చూడండి: కళ్లం కాపలాకో, ఆరుబయట మంచం మీది ముచ్చట్లకో. ఇక జంతుశాస్త్రం చదివే మిత్రులు సెలవులకు ఊరికి పోయినప్పుడు సెల్‌ఫోనులో మీ ఊరి గూబల కూతలు పట్టుకురండి. పైడికంటి కిచకిచలు, తెల్లమొహం గూబ కీచుకేక, రాళ్లగుట్టల మీది పెద్దగూబ గంభీరమైన ‘బూ... బో’ - సినిమా అన్నింటినీ ఒక్క ‘హూ’గా చేసింది. ఊరి పేరు, తేదీ రాసి విభాగంలో భద్రపరుద్దాం. ఏ ఊళ్లో ఏ కూత వినబడటం మానిందో అప్పుడు లెక్క తేలుతుంది. ఆ ఊళ్లో ఎలుకల మందుకు రైతు ఎంత ఖర్చు పెడుతున్నాడో కూడా పక్కనే రాసుకుందాం.