మందు వాళ్లది, ముప్పు మనదా?

భోపాల్ అనగానే అందరికీ విషవాయువే గుర్తొస్తుంది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేదేమిటో చాలామందికి గుర్తులేదు. అక్కడ యూనియన్ కార్బైడ్ కంపెనీ చేసింది సెవిన్ పేరుతో అమ్మిన కార్బరిల్ అనే పురుగుమందు, అంటే చేలల్లో కొట్టే మందు. దాని తయారీకి వాడే మిథైల్ ఐసోసైనేట్ 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి లీకై, చుట్టుపక్కల బస్తీల్లో వేలమంది పేదల ప్రాణాలు తీసింది. కాబట్టి భోపాల్ రైతులకు సంబంధం లేని గొడవ కాదు.

బాధితుల తరఫున మన ప్రభుత్వం అమెరికాలో దావా వేస్తే, అక్కడి కోర్టు 1986 మేలో ఇండియాలోనే తేల్చుకోమంది. ఆ రోజుల్లో న్యాయశాస్త్ర ఆచార్యుడు ఉపేంద్ర బక్షి ఈ కేసు కాగితాలన్నీ సేకరించి పుస్తకాలుగా తెచ్చారు. ప్రమాదకరమైన సరుకుతో లాభం తీసుకునే కంపెనీ, నష్టం జరిగాక అది మా ఇక్కడి శాఖ వ్యవహారమని చేతులు దులుపుకోవచ్చా అన్నది ఆ కేసులో అసలు ప్రశ్న. పేదల బాధను కోర్టులు పట్టించుకోవాలని ఆయన ఎన్నో ఏళ్లు రాశారు.

1986 డిసెంబర్‌లో, ఢిల్లీలో జరిగిన మరో గ్యాస్ లీకు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడిదే పూర్తి పూచీ, జాగ్రత్తలు తీసుకున్నామన్న సాకు చెల్లదు. అయినా 1989లో భోపాల్ కేసు 47 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. కార్బరిల్‌ను మన దేశంలో నిషేధించింది 2018లో.

ఫ్యాక్టరీకి ఉన్న ఆ పూచీ డబ్బాలోని మందుకు ఎందుకు లేదు? మందు కొట్టి మనిషి పడిపోతే మొదట అడిగేది మనల్నే: మాస్కు కట్టావా, గాలికి ఎదురుగా కొట్టావా అని. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయినప్పుడూ ఇదే మాట వినబడింది. ఉక్కలో, నిలువెత్తు పత్తిలో, వీపున ట్యాంకుతో రోజంతా నడిచే కూలీ ఒళ్లంతా కప్పుకుని పని చేయగలడా? అలా వాడలేని మందును అమ్మేవాడికి ఆ సంగతి తెలియదా?

అందుకే మన సంఘం రెండు కోరుతోంది. మందు వల్ల ప్రాణం పోయినా, ఆరోగ్యం చెడినా తయారీ కంపెనీయే పరిహారం చెల్లించేలా చట్టం రావాలి. కౌలు రైతుకూ, కూలీకీ అది వర్తించాలి. రెండోది, 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, విషప్రభావం కేసులను తప్పనిసరిగా తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఆ సెక్షన్‌ను ప్రతి జిల్లాలో గట్టిగా అమలు చేయాలి. లెక్కల్లోకి రాని బాధకు పరిహారం రాదు.

సభ్యులు ఒక పని చేయాలి. ఎవరికైనా మందు సోకితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. కొన్న బిల్లు, ఆసుపత్రి చీటీ, డబ్బా లేబుల్ దాచి గ్రామ కమిటీకి తెలపండి. రేపు అడగడానికి మన చేతిలో ఉండే సాక్ష్యం అవే.